ఫార్మాట్ల కొట్లాటలో మన పెండ్లి క్యాసెట్లు

మీ ఇంట్లో అటక మీదనో, బీరువా అడుగు అరలోనో ఒక అట్టపెట్టె ఉంటాది, చూడండి. దాంట్లో రెండు నల్ల క్యాసెట్లు, నాలుగైదు సీడీలు, పైన స్కెచ్ పెన్నుతో ‘పెండ్లి 1’, ‘పెండ్లి 2’, ‘గృహప్రవేశం’ అని రాసిన డీవీడీలు, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగుండే కెమెరా క్యాసెట్టు ఒకటి. మీ ఇంటి ఇరవై ముప్పై ఏండ్ల కత ఆ పెట్టెలో ఉంది. మరి వాటిని ఆడించే మిషను మీ ఇంట్లో ఒక్కటన్నా ఉందా? గోడంత టీవీ ఉంది, ఇంటికి నాలుగు ఫోన్లున్నాయి, నెట్టుంది. ఆడించేదే లేదు.

నేను చేసే పని ఇదే. మొదట ఆళ్లగడ్డలో క్యాసెట్లు, ఆమైన సీడీలు బాడుగకిచ్చే షాపు నడిపినా. ఇప్పుడు నంద్యాలలో పాత క్యాసెట్లు, డిస్కులు ఫైళ్లుగా మార్చి పెన్ డ్రైవులో వేసిస్తాండా. సిరివెళ్ల నుంచి, చాగలమర్రి నుంచి కూడా సంచుల్లో పెట్టుకోని వస్తాండారు. అందరూ అడిగే మాట ఒకటే: “ఏమప్పా, పాత సినిమాలు ఈ పొద్దుకూ ఆడతాన్నాయి, మా పెండ్లి పదైదేండ్లకే ఆడకుండా ఎట్ల పోయె?” బూజు పట్టిందనో, గీతలు పడినాయనో అనుకుంటారు. సగం డిస్కులకు ఏ రోగమూ ఉండదు. వాటిని చేసిన కంపెనీలు ఒకరి మాట ఒకరు వినకపోవడమే రోగం. ఆ కత కొంచెం వివరంగా చెప్పల్లని ఇది రాస్తాండా.

పాత సినిమా మాట వచ్చింది కాబట్టి ఆడనుంచే మొదలుపెడతా. రీలు వెడల్పు 35 మిల్లీమీటర్లు, ఒక్కో బొమ్మకు అంచున నాలుగు రంధ్రాలు. 1909లో పారిస్‌లో సినిమా కంపెనీలు కూర్చోని ఈ కొలతకు ఒప్పుకున్యాయి. ఆమైన మాటలొచ్చినాయి, రంగులొచ్చినాయి, స్కోపొచ్చింది. రంధ్రాలు మాత్రం అట్లనే ఉండె. మద్రాసులో కడిగిన ప్రింటు నంద్యాల టాకీసులో ఆడె, అదే ప్రింటు పల్లెలో డేరా టాకీసులో ఆడె. రీలు డబ్బాలు మోసుకొచ్చినోన్ని “ఇది ఏ కంపెనీ ప్రొజెక్టర్‌కు పడతాది?” అని ఎవరూ అడగల్యా. ప్రమాణం అంటే అంతే. కంపెనీలు ఎన్నైనా ఉండనీ, కొలత ఒకటే ఉండల్ల.

ఇండ్లలోకి సినిమా వచ్చేతలికి ఆ బుద్ధి పోయింది. 1975లో సోనీ బీటామ్యాక్స్ తెచ్చె, 1976లో జేవీసీ వీహెచ్‌ఎస్ తెచ్చె. రెండిట్లోనూ టేపు వెడల్పు అర అంగుళమే! అయినా ఒకదాని క్యాసెట్టు ఇంకోదాంట్లో దూరదు. బీటా బొమ్మ కొంచెం మేలని చూసినోళ్లు చెప్తారు, కానీ మొదట్లో దాని క్యాసెట్టు గంటే పట్టేది. వీహెచ్‌ఎస్ రెండు గంటలు పట్టేది. పైగా జేవీసీ మిగతా కంపెనీలను కూడా పిలిచి ‘మీరూ చేసుకోండి’ అనె. సోనీ ఓడిపోయి 1988లో తానే వీహెచ్‌ఎస్ డెక్కులు చేయబట్టె. 1982 ఏషియాడ్‌తో మన దేశంలో కలర్ టీవీలు, వీడియోలు పెరిగినాయి. మన ఊర్లకు వీడియో షాపులొచ్చే పొద్దుకు ఆ కొట్లాట దాదాపు తీరిపోయింది. మా తట్టు ఇండ్లలో ఎక్కువ కనపడింది ఫునాయ్ వీసీపీ. ఆ ఫునాయ్ కంపెనీనే ప్రపంచంలో ఆఖరుదాకా వీహెచ్‌ఎస్ డెక్కులు చేసి 2016 జూలైలో ఆపేసింది. నా తావ ఉన్న డెక్కులకు హెడ్డు అరిగితే కొత్తది దొరకదు, ఇంకో పాత డెక్కును కోసి తీయల్ల.

డిస్కులు కూడా అప్పుడే పుట్టినాయి. 1978లో లేజర్ డిస్క్, 1981లో ఆర్‌సీఏ వాళ్ల సూది డిస్క్, జపాన్‌లో వీహెచ్‌డీ. మూడూ ఒకదానికొకటి పడవు. ఆర్‌సీఏ మూడేండ్లకే చేతులెత్తేసింది. మన తట్టుకు వీటిలో ఒక్కటీ రాల్యా, కాబట్టి వీటి సంగతి ఈడికి చాలు.

మనం డిస్కు అనేది చూసింది వీసీడీతోనే. 1993లో ఫిలిప్స్, సోనీ, మత్సుషిటా, జేవీసీ కూర్చోని వైట్ బుక్ అని ఒక ప్రమాణం రాసుకున్యారు. మామూలు సీడీలోనే 74 నిమిషాల బొమ్మ పట్టేటట్టు ఎంపెగ్-1 పద్ధతిలో కుదించడం దాని కిటుకు. బొమ్మ కొలత 352 చుక్కలు అడ్డం, 288 నిలువు. క్యాసెట్టు బొమ్మ కంటే గొప్పగా ఏమీ ఉండదు. జనాలు వేగంగా ఉరికితే బొమ్మ గళ్లుగళ్లుగా చీలేది. అమెరికావాళ్లు, జపాన్‌వాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోల్యా. చైనాలో, మన దేశంలో మాత్రం ఇంటింటికీ పోయింది. ఎందుకు? ప్లేయర్ ఏ ఊరు పేరుదైనా, అసలు పేరే లేకపోయినా ఆడేది. డిస్కులో తాళం లేదు, ‘ఈ దేశంలోనే ఆడతా’ అనే పంతం లేదు. టేపు మాదిరి బూజు పట్టదు, హెడ్డు తుడిచే పని లేదు.

ఆళ్లగడ్డలో సీడీల షాపు పెట్టిన నాకు అన్నం పెట్టింది ఈ వీసీడీనే. రెండున్నర గంటలు దాటిన సినిమా అంటే మూడు సీడీలు. సమరసింహారెడ్డి, నరసింహనాయుడు, ఇంద్ర వచ్చిన కాలం అది. మా సీమ పేరు మీద కోట్లు సంపాదించిన సినిమాలు మా సీమలోనే బాడుగకు పోయేటివి. సరిగ్గా సుమోలు లేచే సీనులో సీడీ అయిపోయేది. సినిమావాళ్లు ఒక ఇంటర్వెల్ ఇస్తే సీడీ ఇంకో రెండిచ్చేది. రెండో సీడీ వేరే సినిమా కవర్లో పెట్టి తెచ్చిచ్చేవాళ్లతో నా తల తినిపోయేది, అది వేరే కత.

ఇప్పుడు డీవీడీ కాడికొస్తా. ప్రమాణం గురించి మాట్లాడేటోళ్లు అందరూ తెలుసుకోవలసిన కత ఇది. 1995 మొదట్లో రెండు జట్లుండె. ఒకపక్క సోనీ, ఫిలిప్స్. వాళ్ల డిస్కు పేరు ఎంఎంసీడీ. ఇంకోపక్క తోషిబా, టైమ్ వార్నర్, మత్సుషిటా, హిటాచీ, పయొనీర్ లాంటివాళ్లు. వాళ్లది ఎస్‌డీ. మళ్లా బీటా, వీహెచ్‌ఎస్ కొట్లాటే అనుకున్యారు అందరూ. అప్పుడు కంప్యూటర్ కంపెనీలు, ఐబీఎం, ఆపిల్, మైక్రోసాఫ్ట్, కంపాక్, హెచ్‌పీ లాంటివి ఒకమాట మీదికొచ్చి తెగేసి చెప్పినాయి: “మీరు ఒకటే డిస్కు తెస్తే మా కంప్యూటర్లలో పెట్టుకుంటాం. రెండు తెస్తే రెండూ మాకొద్దు.” ఊర్లో ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోతే, కొనేవాళ్లంతా అంగడి ముందర గమ్మున నిలబడినట్లు. ఐబీఎం అధిపతి లూ గెర్స్‌ట్నర్ మధ్యవర్తిగా నిలిచినాడు.

1995 సెప్టెంబర్‌లో రెండు జట్లూ దిగొచ్చినాయి. తోషిబా జట్టు చెప్పిన శరీరం తీసుకున్యారు: 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి ఒక డిస్కు. సోనీ, ఫిలిప్స్ చెప్పిన రాత పద్ధతి తీసుకున్యారు, అంటే ఒకట్లు సున్నాలను డిస్కు మీద గుంతలుగా మార్చే లెక్క. ఆ లెక్క గీతల్ని, దుమ్మును ఎక్కువ ఓర్చుకుంటాది, కానీ తావ కొంచెం ఎక్కువ తింటాది. అందుకే 5 జీబీ అనుకున్న డిస్కు 4.7 జీబీకి దిగింది. 0.3 జీబీ పోతే పోయింది, ప్రపంచానికంతా ఒకటే డిస్కు మిగిలింది. 1996 నవంబర్‌లో జపాన్‌లో, 1997లో అమెరికాలో ప్లేయర్లు వచ్చినాయి. వీసీడీ కంటే నాలుగింతల చుక్కలు, సినిమా మొత్తం ఒకటే డిస్కులో.

ధర దిగిరావడానికి మనకాడ ఇంకా కొన్నేండ్లు పట్టింది. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మబట్టె. అప్పటిదాకా ఒరిజినల్ డిస్కు అంటే వందల్లో మాట. ఖాళీ సీడీలు, డీవీడీలు చేసే కంపెనీ అది. అదే యంత్రాల మీద సినిమాలు ముద్రించి సినిమా టికెట్ ధరకు దగ్గరగా తెచ్చింది. ఒకటే కొలత ఉంది కాబట్టి లక్షల్లో చేయగలిగినారు. లక్షల్లో చేసినారు కాబట్టి ధర పడింది. నాలాంటి బాడుగ షాపులకు అది దెబ్బే, ఆ మాట దాయను. కొనేవానికి మాత్రం అంతకంటే మేలు ఇంకోటి జరగల్యా. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు పోయింది గానీ, అది చేసిన డిస్కులు ఈ పొద్దుకూ ఏ డీవీడీ ప్లేయర్‌లో వేసినా ఆడతాయి.

అయితే డీవీడీ ప్రమాణం కూడా పూర్తి మంచిది కాదు. తాళాలు పెట్టినారు. ప్రపంచాన్ని రీజియన్లుగా కోసి మన దేశాన్ని 5లో పెట్టినారు. 1లో ఉన్న అమెరికా డిస్కు కొనుక్కొస్తే మన ప్లేయర్ ఒప్పుకోదు. ఇంట్లో రాసుకున్న డిస్కుకు రీజియన్ ఉండదు గానీ, దానికి వేరే గండం ఉంది. మనది పాల్ పద్ధతి, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. నంద్యాల కల్యాణమంటపంలో తీసిన పెండ్లి డీవీడీ డల్లాస్‌లో ఉన్న అక్కకు పంపిస్తే, ఆడ ప్లేయర్లు శానావాటికి పాల్ తెలీదు. నల్ల తెర చూసి “డిస్కు పాడైంది, ఇంకోటి పంపించు” అని ఫోన్ చేసేవాళ్లు. ఈడ చూస్తే డిస్కు నిక్షేపంగా ఉండేది.

రాసుకునే డిస్కుల్లో అయితే ఇంకా అన్యాయం. సినిమా డిస్కు కాడ ఒప్పందానికొచ్చిన కంపెనీలే ఖాళీ డిస్కు కాడ మళ్లా చీలిపోయినాయి. డీవీడీ మైనస్ ఆర్ ఒకటి, డీవీడీ ప్లస్ ఆర్ ఒకటి, ఇవి చాలవన్నట్లు డీవీడీ ర్యామ్ ఒకటి. కంటికి చూస్తే మూడూ ఒకటే వెండి పలక. పాత ప్లేయర్లు కొన్ని మైనస్ తీసుకుంటాయి, ప్లస్ ఉమ్మేస్తాయి. వీడియోగ్రాఫర్‌కు ఆ పొద్దు అంగట్లో ఏది దొరికితే అది రాసిచ్చినాడు. మీ ఇంట్లో ప్లేయర్‌కు అది పడకపోతే ఆయన్నే తిట్టుకున్యారు. ఆయన తప్పేముంది?

ఇంకో రకం ఉంది. అరచేయంత చిన్న డీవీడీ మీద నేరుగా రాసే హ్యాండీక్యామ్‌లు వచ్చినాయి ఒకప్పుడు. తీసిన తర్వాత కెమెరాలో ‘ఫైనలైజ్’ అని ఒక మీట నొక్కల్ల. నొక్కకపోతే ఆ డిస్కు ఆ కెమెరాలో తప్ప ఇంక యాడా ఆడదు. ఇప్పుడు కెమెరా లేదు, డిస్కుంది. ఇట్లాంటివి నా తావకు వచ్చినప్పుడు ప్రత్యేకం సాఫ్ట్‌వేరుతో తవ్వి తీయల్ల, కొన్ని వస్తాయి, కొన్ని రావు. మొన్న ఒక పెద్దాయన అట్లాంటిది తెచ్చినాడు. దాంట్లో కాలం చేసిన ఆయన భార్య గొంతుందంట. ఫోటోలు శానా ఉన్నాయి, గొంతు ఇదొక్కదాంట్లోనే ఉందనె. పదకొండు నిమిషాలు తీయగలిగినా. మిగతాది రాల్యా. ఆయన ఆ పదకొండు నిమిషాలూ షాపులోనే రెండుసార్లు చూసి పోయినాడు.

ఆఖరి పెద్ద కొట్లాట 2006లో. తోషిబా హెచ్‌డీ డీవీడీ, సోనీ జట్టు బ్లూ-రే. ఈడ విచిత్రం వినండి. సీడీ చదివే లేజరు 780 నానోమీటర్లు, డీవీడీది 650. వెలుగు అల ఎంత పొట్టిదైతే అంత చిన్న గుంత చదవచ్చు, అంత ఎక్కువ సమాచారం పడతాది. కొత్త డిస్కులు రెండిట్లోనూ లేజరు ఒకటే, 405 నానోమీటర్ల ఊదా వెలుగు. బొమ్మ కొలత ఒకటే, 1920 అడ్డం, 1080 నిలువు. కుదించే పద్ధతులూ అవే, తాళమూ అదే. మరి తేడా? గుంతల మీద ఉండే పొర మందం. హెచ్‌డీ డీవీడీలో 0.6 మిల్లీమీటర్లు, డీవీడీ చేసే పాత యంత్రాల మీదనే చేయొచ్చు. బ్లూ-రేలో 0.1 మాత్రమే, కొత్త యంత్రాలు కావల్ల, కానీ ఒక పొరలో 25 జీబీ పడతాది. హెచ్‌డీ డీవీడీకి 15. ఈ మందం ఎవరు చెప్పినట్లు ఉండల్ల, పేటెంటు దుడ్లు ఎవరికి పోవల్ల అనేదే అసలు తగాదా. 2005లో రెండు జట్లూ రాజీకి కూర్చోని లేచిపోయినాయి. ఈసారి ‘రెండూ మాకొద్దు’ అని నిలబడేవాళ్లు లేకపోయిరి. మైక్రోసాఫ్ట్ తోషిబా పక్క చేరె, ఆపిల్ సోనీ పక్క చేరె. సినిమా కంపెనీలూ చీలినాయి. 2008 జనవరిలో వార్నర్ బ్లూ-రే పక్కకు దూకింది. ఫిబ్రవరి 19న తోషిబా ఆపేస్తున్నానని ప్రకటించింది. అప్పటిదాకా హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లు కొన్నవాళ్ల చేతిలో ఇనుప డబ్బా మిగిలింది.

బ్లూ-రే గెల్చి ఏం బావుకునింది? రెండేండ్లు జనాలు ‘ఎవరు గెలుస్తారో చూసి కొందాంలే’ అని కూర్చున్యారు. తేలే పొద్దుకు ఇంటర్నెట్టు మీద పడింది. నంద్యాలలో బ్లూ-రే ప్లేయర్ ఉన్న ఇండ్లు నేను చూసినవి ఒక చేతి వేళ్లకు సరిపోతాయి.

మా ఊరివాళ్లకు ఇది చెప్పేటప్పుడు నేను రైలు కతే చెప్తా. నంద్యాల మీదుగా పోయే గుంటూరు–గుంతకల్లు లైను 1990ల దాకా మీటర్ గేజీ. పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజీ 1,676. గుంతకల్లులో పెద్ద లైను బండి పక్కనే నిలబడినా, మన బండి పెట్టె ఆ పట్టాలెక్కదు. సరుకంతా దించల్ల, మళ్లా ఎక్కించల్ల, కూలి రెండుసార్లు. 1992లో రైల్వే యూనిగేజ్ పథకం పెట్టి లైన్లన్నీ ఒకటే కొలతకు తేబట్టె, మన లైనూ మారింది. పాత పట్టాలు పీకి కొత్తవి వేసిన ఖర్చు ఎవరిది? మనందరిదీ. మొదట్లోనే ఒక కొలతకు ఒప్పుకోకపోతే తర్వాత ఖర్చు ఇట్ల జనం మీద పడతాది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది పనికిమాలినదేం కాదు. పోటీ ఉంటేనే కొత్తది వస్తాది, ఒకటే ప్రమాణం పెడితే ఆడనే గడ్డకట్టుకుపోతాం అంటారు. వీసీడీనే చూడండి, అందరికీ ఒకటే అయ్యేతలికి గళ్లుగళ్ల బొమ్మతో పదేండ్లు సర్దుకున్యాం. నిజమే. కానీ పోటీ యాడ పడల్ల? ఆళ్లగడ్డ శిల్పుల కాడికి పోండి. విగ్రహం కొలత తాళంలో చెప్తారు. ముఖం పొడుగు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు, నవతాళ విగ్రహమంటే నూటెనిమిది అంగుళాలు. ఆ అంగుళం మన స్కేలు మీద అంగుళం కాదు, విగ్రహాన్ని బట్టి మారే అంగుళం. ఈ లెక్క అందరికీ ఒకటే. అయినా ఇద్దరు శిల్పులు చెక్కిన నరసింహస్వామి ఒకటిగా ఉంటాడా? ఉండడు. ప్లేయర్ బాగా చేయడంలో పోటీ పడండి, ధరలో పోటీ పడండి, బొమ్మ తేటగా చూపించడంలో పడండి. డిస్కు నా పెట్టెలో తప్ప ఆడకూడదని పడే పోటీతో కొన్నవానికి ఏం ఒరగదు.

ఇంకో షరతు కూడా ఉండల్ల. ప్రమాణం అంటే నాలుగు కంపెనీలు తలుపేసుకోని పేటెంటు దుడ్లు పంచుకునే ఒప్పందం కాకూడదు. ఎవరైనా చదివి మిషను చేసుకునేటట్టు రాత బయట ఉండల్ల. కంపెనీలు వినకపోతే ప్రభుత్వం వినిపించల్ల. ఫోన్ ఛార్జర్ల కాడ జరిగింది చూడండి. 2024 డిసెంబర్ 28 నుంచి యూరప్‌లో కొత్త ఫోన్లకు టైప్-సీ ఉండాల్సిందే. ఆ చట్టం వస్తాందని తెలిసి ఆపిల్ కూడా 2023లోనే మారింది. మన బీఐఎస్ కూడా టైప్-సీకి ప్రమాణం ప్రకటించింది. డ్రాయర్లో నాలుగు రకాల ఛార్జర్లు పెట్టుకున్న ఇల్లేది ఇప్పుడు?

“డిస్కులే పోయినాయి, ఇంకా ఈ గోల ఎందుకప్పా” అంటారేమో. డిస్కు పోయింది, కొట్లాట పోల్యా. ఒక సినిమా ఒక యాప్‌లో, ఇంకోటి ఇంకో యాప్‌లో. పోయిన నెల చూసిన సినిమా ఈ నెల ఉండదు. డీవీడీ కనీసం మీ చేతిలో ఉండె. పెండ్లి వీడియోలు ఇంకా మోసం. ఈ మధ్య కొందరు పెన్ డ్రైవు కూడా ఇయ్యకుండా, ఆల్బం మీద ఒక చదరపు కోడు అచ్చేసి ‘ఫోనుతో స్కాన్ చేసి చూసుకోండి’ అంటాండారు. మా చుట్టాల పెండ్లి ఆల్బం అట్లాంటిదే, మూడేండ్లు తిరక్కముందే ఆ కోడు స్కాన్ చేస్తే ఖాళీ పేజీ వస్తాంది. ఆ యాప్ కంపెనీ అద్దె కట్టడం ఆపేసిందంట. క్యాసెట్టుకు బూజు పట్టడానికి ఇరవై ఏండ్లు పట్టె. దీనికి మూడేండ్లు కూడా పట్టల్యా.

కాబట్టి నంద్యాల, ఆళ్లగడ్డ వీడియోగ్రాఫర్లందరికీ, వాళ్లకు అడ్వాన్సు ఇచ్చే పెండ్లివాళ్లకు నేను అడిగేది ఇది. బాండు పేపర్ మీద ఎన్ని కెమెరాలు, డ్రోను ఉందా లేదా అని రాసుకుంటాండారు కదా, ఇంకో వరుస రాసుకోండి: ‘వీడియో ఎంపీ4 ఫైలుగా, హెచ్.264 పద్ధతిలో, తాళం లేకుండా ఇయ్యల్ల’ అని. అది ఈ పొద్దు దాదాపు అన్ని ఫోన్లలో, టీవీల్లో, కంప్యూటర్లలో ఆడే ఫైలు. కోడు ఇస్తే ఇయ్యనీ, ఫైలు మాత్రం చేతికి రావల్ల. వచ్చినాక ఒక కాపీ ఇంట్లో హార్డ్ డిస్కులో, ఇంకో కాపీ వేరే ఊర్లో ఉన్న అన్న ఇంట్లోనో బిడ్డ ఇంట్లోనో పెట్టండి. పెన్ డ్రైవును మాత్రం నమ్ముకోని కూర్చోవద్దండి.

ఇంక అటక మీది పెట్టె. ఇంట్లో రాసిన డీవీడీలో బొమ్మ నిలిచేది ఒక రంగు పూత మీద. మన నంద్యాల ఎండాకాలంలో రేకుల కింద అటక ఎంత కాగుతాదో మీకు చెప్పబల్లేదు, ఆ పూత వెలిసిపోతాది. ముందు డీవీడీలు, చిన్న డీవీడీలు దించండి, ఆమైన కెమెరా క్యాసెట్లు, ఆమైన పెద్ద క్యాసెట్లు. అచ్చు వేసిన సినిమా సీడీలకు తొందరేం లేదు. బూజు పట్టిన క్యాసెట్టును డెక్కులో పెట్టి చూడొద్దు, హెడ్డు పోతాది, టేపు కూడా తెగుతాది. అట్లనే కవర్లో పెట్టి తెండి, నాకాడికే రావల్లని లేదు, ఈ పని చేసేవాళ్లు కర్నూలులో, కడపలో కూడా ఉన్నారు. ఈ ఎండాకాలం రాకముందే తెండి.